సజ్జ వెనుక అడ్డపట్టీలు

నన్ను అవమానించిన వాళ్లెవరినీ నేను మరిచిపోలేదు. సినిమా కళావిభాగంలో ముప్పై ఏళ్లకు పైగా సెట్‌లకు డ్రాయింగులు గీసి రిటైరయ్యాను. ఏ స్టూడియో ఫ్లోర్‌లో ఎవరు నాకు టీ ఇవ్వకుండా పక్కవాడికి ఇచ్చారో ఇప్పటికీ చెప్పగలను. జూబ్లీ హిల్స్‌లో ఒక నిర్మాతగారి ఇంటికి డ్రాయింగులు తీసుకెళితే రెండు గంటలు పోర్టికోలో నిలబెట్టారు. అక్కడ ఒకే ఒక కుర్చీ ఉంది. అందులో వాళ్ల కుక్క పడుకుంది. టైటిల్స్‌లో నా పేరు వదిలేసిన సినిమాల పట్టిక విడిగా రాసిపెట్టుకున్నాను. ప్రతిదానికీ ఒక ఫిర్యాదు పంపాను. చాలావాటికి జవాబు రాలేదు. అది మళ్లీ వేరే ఫిర్యాదు.

ఈ వరుసలో మొదటి స్థానం ఒక వడ్రంగి మేస్త్రీది. ఇరవై మంది చూస్తుండగా నా డ్రాయింగ్ మీద లావుపాటి పెన్సిల్‌తో అడ్డంగా గీతలు గీసిన మనిషి. ఆయన్ని మెచ్చుకుంటూ రాయడం నాకు అలవాటు లేని పని. అయినా ఈ విభాగంలోకి కొత్తగా వస్తున్న మీలాంటి వాళ్లకు నేను ఇవ్వగలిగిన మంచి సంగతి ఇదొక్కటే కనుక రాస్తున్నాను.

ముందు ఒక మాట గురించి చెప్పాలి.

నేను చేరిన మొదటి ఏడాది ఒక భవనం ముఖద్వారం గీశాను. అందులో కిటికీల కింద గోడ వెంబడి జానెడు బయటికి వచ్చిన పట్టీ ఉంది. డ్రాయింగుల మీద పేర్లన్నీ ఇంగ్లీషులోనే రాయాలి. నేను దానికి ‘షెల్ఫ్’ అని రాశాను. అప్పటి కళా దర్శకుడు అందరినీ పిలిచి చూపించాడు. “షెల్ఫ్ మీ ఆవిడ వంటగదిలో ఉంటుందయ్యా, పోపుల డబ్బా పెట్టుకోవడానికి. దీన్ని లెడ్జ్ అంటారు” అన్నాడు. అందరూ నవ్వారు. ఎవరెవరు నవ్వారో నాకు గుర్తుంది.

ఆ ఆదివారమే కోఠీ వెళ్లి పాత పుస్తకాల షాపులో ఒక లావుపాటి ఇంగ్లీషు నిఘంటువు కొన్నాను. లెడ్జ్ అనే మాటను నా సొంత ఆస్తి చేసుకోవాలని పట్టుదల. కిటికీ కింద సన్నటి గట్టు లెడ్జ్. కొండ వాలులో కాలు మోపడానికి దొరికే మెట్టు లెడ్జ్. తీరం దగ్గర నీళ్లలో దాగి ఓడల అడుగు చీల్చే రాళ్ల వరుస లెడ్జ్. కొన్నిచోట్ల గనుల వాళ్లు ఖనిజం ఉన్న రాతి పొరనూ అలాగే పిలుస్తారట. వీటన్నిటి కంటే ముందు, చిన్న అక్షరాల్లో, తలుపులకు సంబంధించిన ఏదో పాత అర్థం ఉంది. సినిమా సెట్‌కు అదెందుకని దాటేశాను.

మనకు వీటన్నిటికీ కలిపి ఒకే మాట లేదు. కిటికీ కింద ఉంటే గట్టు, పైన ఉంటే సజ్జ, ఇంటి ముందుంటే అరుగు. మా మేస్త్రీకి మాత్రం గోడలోంచి బయటికి వచ్చినదేదైనా సజ్జే.

మేస్త్రీది పాలమూరు వైపు. యూసుఫ్‌గూడలో మా వీధికి రెండు వీధుల అవతల ఉండేవాడు. నల్లగా, దిట్టంగా, తొంభై కిలోలకు తక్కువ లేని మనిషి. మాటలు తక్కువ. అందులోనూ మెచ్చుకునే మాటలు మరీ తక్కువ. సెట్ పని అంటే కెమెరాకు కనపడేది కడితే చాలు, వెనుక అంతా బోలుగా ఉంటుంది. ఆయన అలా కట్టడం చేతకానివాడు కాదు కానీ, మనిషి కాలు పడే చోటు విషయంలో మాత్రం ఒక నియమం పెట్టుకున్నాడు. తను కట్టినదాని మీద ముందు తను చెప్పులు విప్పి నడిచేవాడు. ఆ తరువాతే ఇంకెవరైనా. హీరో అయినా, హీరో డూప్ అయినా, లైట్ మోసేవాడైనా ఆయన దిగేవరకు కింద ఆగాల్సిందే. దానికి కొబ్బరికాయలు, గుమ్మడికాయలు అవసరం లేదు. ఆ నడకే పూజ.

ఒకసారి ఇద్దరం ఫిల్మ్ నగర్ గుట్ట ఎక్కుతూ టీ కోసం ఆగాం. రోడ్డు పక్క ఒక పెద్దింటి ప్రహరీ మీంచి ఒక బండరాయి గాల్లోకి పొడుచుకొచ్చి ఉంది. దాని కింద ఇద్దరు డ్రైవర్లు నీడకు కూర్చుని పేకాడుతున్నారు.

“గా రాయి జూడున్రి సార్. పడేటట్టు కనవడ్తుంది గద?”

“అవును. వాళ్లకు భయం లేదు చూడు.”

“ఫికర్ జేసే పని లేదు. బయట మూరెడు కనవడ్తుంది. లోపట ఎంతున్నదో ఎవలికి ఎరుక? మూర బయటికొస్తె మూడు మూరలు లోపటుండాలె. గట్లుంటెనే గాల్ల ఉంటది.”

అప్పుడు నేను తల ఊపి టీ చల్లారిందని టీకొట్టు వాడితో గొడవ పెట్టుకున్నాను.

ఇక అసలు సంగతి. ఫిల్మ్ నగర్‌లోని ఒక స్టూడియో ఫ్లోర్‌లో పాతకాలపు అపార్ట్‌మెంట్ ముఖభాగం సెట్. పద్నాలుగు అడుగుల ఎత్తున, కిటికీల కింద, పద్దెనిమిది అడుగుల పొడవైన లెడ్జ్. అడుగున్నర వెడల్పు. దానిమీద పూలకుండీలు, ఒక పావురాల పంజరం, అంతే. అందుకని నేను దాన్ని ‘డమ్మీ’ అని గీశాను. మా భాషలో డమ్మీ అంటే చూడటానికే తప్ప బరువు మోయదని. పల్చటి ప్లైవుడ్, లోపల థర్మకోల్, పైన ప్లాస్టర్ ఆఫ్ పారిస్, దానిమీద రంగు. మేస్త్రీ అలాగే కట్టాడు. బొమ్మలా కుదిరింది.

షూటింగ్‌కు రెండు రోజుల ముందు అసిస్టెంట్ డైరెక్టర్ ఫోన్ చేశాడు. పాతికేళ్ల కుర్రాడు.

“అంకుల్, చిన్న ఛేంజ్. ఆ లెడ్జ్ మీద హీరోయిన్ డూప్ నడుస్తుంది. కిటికీలోంచి బయటికొచ్చి ఈ చివర నుంచి ఆ చివరకి. జస్ట్ వాక్ అంకుల్.”

“ఎవరు చెప్పారు?”

“డైరెక్టర్‌గారే అంకుల్.”

“మార్పు ఉంటే కాగితం మీద రావాలి. సంతకంతో. నోటిమాట మీద నేను డ్రాయింగ్ మార్చను.”

“అబ్బా, ఇప్పుడు కాగితమేంటి అంకుల్! ఓకే ఓకే, పంపిస్తా.” ఫోన్ పెట్టేయబోతూ పక్కనున్న ఎవరితోనో అన్నాడు, “డ్రాయింగ్ తాతకి లెటర్ కావాలంట.” నవ్వులు వినిపించాయి.

డ్రాయింగ్ తాత! కాగితం రాలేదు. నేను కదల్లేదు.

ఇక్కడ మీరు జాగ్రత్తగా చదవాలి. నాకు తెలుసు. ఆ లెడ్జ్ ఒక మనిషిని మోయదని ఆ ఫ్లోర్‌లో నాకంటే బాగా తెలిసినవాడు లేడు, ఎందుకంటే మోయకుండా ఉండేలా గీసింది నేనే. అయినా రెండు రోజులు కాగితం కోసం కూర్చున్నాను. మేస్త్రీకి చెప్పలేదు. కళా దర్శకుడికి చెప్పలేదు. కాగితం పంపకపోతే షూటింగ్ రోజు వాళ్లే వచ్చి బతిమాలతారు, అప్పుడు అందరి ముందూ చెబుదాం అనుకున్నాను. ఆ క్షణం ఎలా ఉంటుందో, నేనేం మాట్లాడతానో కూడా అనుకుని పెట్టుకున్నాను. వాళ్లు రాకుండా నేరుగా ఆ అమ్మాయిని ఎక్కించేస్తే ఏమవుతుందో మాత్రం అనుకోలేదు.

షూటింగ్ రోజు ఉదయం ఎనిమిదింటికి ఫ్లోర్‌లోకి అడుగు పెట్టాను. తొమ్మిదింటికి మొదటి షాట్. సెట్ వెనుక నుంచి సుత్తి దెబ్బలు వినిపిస్తున్నాయి. వెళ్లి చూస్తే నా అపార్ట్‌మెంట్ వీపంతా విప్పి ఉంది. నలుగురు వడ్రంగులు సర్వి బాదులు, అంటే సరుగుడు దుంగలు, కోస్తున్నారు. నేల మీద నా డ్రాయింగ్ పరిచి ఉంది. లెడ్జ్ గీసిన చోట మేస్త్రీ తన లావు పెన్సిల్‌తో అడ్డంగా గీతలు గీశాడు. ‘డమ్మీ’ అని నేను అందంగా రాసుకున్న అక్షరాల మీంచి కూడా.

“ఏమిటిది?” అని అరిచాను. “నా డ్రాయింగ్ మీద గీతలేమిటి? ఎవరిని అడిగి విప్పారు?”

ఆయన తల ఎత్తలేదు. “నిన్న నల్లా కాడ మా గల్లీ పిల్ల కల్సింది. గా డూప్ పిల్ల. ‘కాకా, రేపు మీ సజ్జ మీదికెల్లి నడుస్తున్న’ అన్నది. నాకు గుండె ఆగినంత పనైంది. ఆరింటికే వచ్చిన. మీకు ఎరుకేనా సార్, గా పిల్ల నడుస్తదని?”

“నాకు కాగితం రాలేదు.”

అప్పుడు తల ఎత్తాడు. సుత్తి కింద పెట్టాడు. కాసేపు నా ముఖం చూశాడు. ఆయనకు అర్థమైపోయింది.

“కాగితం రాకుంటె పిల్ల కింద పడదా సార్?”

ఇరవై మంది ఉన్నారు. లైట్‌మెన్, పెయింటర్లు, ప్రొడక్షన్ వాళ్లు. ఒక్కరూ నవ్వలేదు. అదే ఇంకా బాధ. నవ్వితే ఎవరెవరో గుర్తు పెట్టుకునేవాణ్ణి.

నేను ఏం చేశానో చెబుతాను. పక్కకు వెళ్లి, నా సంచీలోంచి తెల్లకాగితం తీసి, ఫిర్యాదు రాశాను. డ్రాయింగ్ గీసినవారి అనుమతి లేకుండా మేస్త్రీ సెట్ విప్పాడనీ, డ్రాయింగ్ పాడుచేశాడనీ, షూటింగ్ ఆలస్యానికి అతనే బాధ్యుడనీ. అన్నీ అక్షరాలా నిజాలే. కళా దర్శకుడు పదింటికి వచ్చాడు. చేతికిచ్చాను.

అప్పటికి ఫ్లోర్ గోలగోలగా ఉంది. ప్రొడక్షన్ మేనేజర్ గొంతు చించుకుంటున్నాడు. కళా దర్శకుడు కాగితం చదివి సెట్ వెనక్కి వెళ్లాడు.

“చెప్పకుండా సెట్ విప్పుతావా? ఫోన్ లేదా నీకు?”

“చేసిన సార్. ఎత్తలేదు మీరు.”

“డ్రాయింగ్ చేసినాయన ఇక్కడే ఉన్నాడుగా! ఆయనకైనా చెప్పాలా వద్దా?”

మేస్త్రీ ఒక్కసారి నా వైపు చూశాడు. ఒక్క మాట చాలు. ‘ఆయనకు ముందే ఎరుక’ అంటే నా పని అయిపోయేది. ఆయన అనలేదు.

“చెప్పాలె సార్. తప్పే. పన్నెండింటికి అప్పజెప్త.”

“షాట్ అయ్యాక సామాను సర్దుకో. ఇక నా సెట్లలో నీకు పని లేదు.”

“సరే సార్” అని సుత్తి అందుకున్నాడు.

మూల నిలబడి ఉన్న అసిస్టెంట్ డైరెక్టర్ కుర్రాడు నేల చూస్తున్నాడు. నేనూ నేలే చూస్తున్నాను. ఆ రోజు ఫ్లోర్‌లో మా ఇద్దరికీ బాగా కుదిరింది.

పన్నెండింటికి వెనుక పని ముగిసింది. మేస్త్రీ చెప్పులు విప్పి నిచ్చెన ఎక్కాడు. లెడ్జ్ మీద కాలు పెట్టి, మెల్లగా నడిచి, మధ్యలో ఆగి, మడమలతో రెండుసార్లు కుదిపాడు. ఆ చివర మూడడుగుల ముందు ఆగిపోయి, సుద్దముక్కతో గీత గీశాడు. తరువాత కిందికి చూసి పిలిచాడు.

“సార్, మీరు గూడ రాన్రి. గీసినోళ్లు గద.”

అందరూ నన్ను చూశారు. ఎక్కకపోతే ఇంకో అవమానం. ఎక్కాను. కిటికీ చట్రం గట్టిగా పట్టుకున్నాను. లెడ్జ్ మీద నిలబడితే సిమెంటు మీద నిలబడినట్టే ఉంది. కిటికీలోంచి లోపలికి తొంగిచూశాను. నా ప్లైవుడ్ చెక్కల కింద, డ్రాయింగ్ మీద ఆయన గీతలు గీసిన చోటల్లా, ఏడు బాదులు అడ్డంగా పరిచి ఉన్నాయి. ప్రతి ఒక్కటీ బయట అడుగున్నర, లోపల నాలుగున్నర. లోపలి కొసలు పరంజా గుంజలకు తాళ్లతో బిగించి, పైన ఇసుక బస్తాలు పెట్టి ఉన్నాయి. ముందు నుంచి చూస్తే వాటి జాడ కూడా తెలియదు. కెమెరాకు నా లెడ్జే కనపడుతుంది. మోసేది ఆయన బాదులు.

“ఆ చివర?” అని అడిగాను.

“గక్కడిదాక టైం సాల్లేదు సార్. గీత దాటొద్దని పిల్లకు జెప్పిన.”

ఆ అమ్మాయి పొట్టిగా, చలాకీగా ఉంది. హీరోయిన్ చీర కట్టుకుని, పైట నడుముకు దోపుకుని వచ్చింది. షాట్ కింద నుంచి తీస్తారు కనుక పరుపులు వేయడానికి వీల్లేదు. నడకే కదా అని రోప్ కూడా కట్టలేదు.

“ఏమే, భయమైతుందా?” అన్నాడు మేస్త్రీ.

“నువ్వు నడిస్తివి గద కాకా. నిన్ను మోస్తె బిల్డింగునే మోస్తది.”

“నోరు మంచిగ నడుస్తది. కాళ్లు గూడ గట్లనే నడిపియ్యి.”

ఐదు టేకులు. నాలుగోసారి డైరెక్టర్ మైకులో “ఇంకొంచెం ముందుకి, ఆ చివరిదాకా” అన్నాడు. ఆ అమ్మాయి సుద్దగీత దగ్గరే ఆగి వెనుదిరిగింది. డైరెక్టర్ విసుక్కున్నాడు. అయిదోసారీ అక్కడే ఆగింది. చివరికి అదే బాగుందని ఓకే చేశారు.

భోజనాలకు అందరూ కదులుతున్నారు. మేస్త్రీ మళ్లీ ఎక్కాడు. కింద ఎవరూ లేరని రెండుసార్లు చూసుకుని, ఒక ఇసుక బస్తా తెచ్చి సుద్దగీత అవతల పెట్టి చెయ్యి వదిలాడు.

శబ్దం కూడా పెద్దగా రాలేదు. ప్లైవుడ్ చిట్లింది, అంతే. థర్మకోల్, ప్లాస్టర్, బస్తా కలిసి పద్నాలుగు అడుగుల కిందికి వచ్చి నేలకు కొట్టుకున్నాయి. తెల్లటి పొడి లేచింది. నేను గీసిన లెడ్జ్ అది. ఆ ఉదయం దాకా పద్దెనిమిది అడుగులూ అదే.

ఆ అమ్మాయి ఆ పొడివైపు చూస్తూ నిలబడింది. చేతిలో అన్నం ప్లేటు ఉంది. తినలేదు.

మేస్త్రీ దిగివచ్చి రంపం, సుత్తి, ఉలులు సంచీలో సర్దుకోవడం మొదలుపెట్టాడు.

నేను ఒక కుర్చీ లాక్కుని కూర్చుని మళ్లీ తెల్లకాగితం తీశాను. నా జీవితంలో అంత కష్టంగా రాసిన ఫిర్యాదు లేదు. మార్పు సంగతి రెండు రోజుల ముందే నాకు ఫోన్‌లో తెలుసనీ, కాగితం రాలేదన్న పంతంతో ఎవరికీ చెప్పలేదనీ, మేస్త్రీ మీద ఉదయం ఇచ్చిన ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నాననీ, ఈ విషయంలో చర్య తీసుకోవలసింది నా మీదనేననీ రాశాను. కింద సంతకం చేశాను.

కళా దర్శకుడు పెరుగన్నం కలుపుకుంటూ చదివాడు. రెండోసారి చదివాడు.

“ఏవండీ, మీరు ఎవరో ఒకరి మీద ఫిర్యాదు చేయకుండా ఉండలేరా? ఎవరూ దొరక్క మీ మీద మీరే రాసుకున్నారా?”

“నిజం రాశాను.”

ఆయన ప్లేటు కింద పెట్టి, ఎడమచేత్తో రెండు కాగితాలూ నలిపి జేబులో పెట్టుకుని, మేస్త్రీ దగ్గరికి నడిచాడు. ఏం మాట్లాడుకున్నారో వినపడలేదు. సంచీలోంచి సుత్తి మళ్లీ బయటికి రావడం మాత్రం చూశాను. నన్ను మూడు నెలలు ఏ సెట్‌కూ పిలవలేదు. దాని గురించి ఫిర్యాదు చేయలేదు.

ఆ ఖాళీలో ఒకరోజు నిఘంటువు తీశాను. లెడ్జ్ దగ్గర, ఎన్నో ఏళ్ల క్రితం దాటేసిన ఆ చిన్న అక్షరాలు చదివాను. ఆ మాట మొదట బయటికి పొడుచుకొచ్చిన గట్టుకు పెట్టిన పేరు కాదట. తలుపుకో గేటుకో నిలువు చెక్కలను విడిపోకుండా వెనుక నుంచి పట్టి ఉంచే అడ్డపట్టీని అలా అనేవారట. పరచడం, పెట్టడం అనే అర్థమున్న పాత క్రియ నుంచి వచ్చి ఉండవచ్చని రాశారు. కళ్లకు కనపడే గట్టుకు, కొండ మెట్టుకు, సముద్రపు రాళ్లకు ఆ పేరు రావడం తరువాతి సంగతి. పరంజాలో అడ్డంగా కట్టే గుంజను లెడ్జర్ అనడం, ఒకేచోట పరిచి ఉంచే పెద్ద పుస్తకానికి అదే పేరు రావడం కూడా ఆ కుటుంబంలోవేనట. ఎన్నో ఏళ్లు ఆ మాట నా సొంతమని తిరిగాను. వెలుపలి అర్థాలన్నీ కంఠతా వచ్చు. లోపలున్నది చదవలేదు.

సాయంత్రం మేస్త్రీ ఇంటికి వెళ్లి ఇదంతా చెప్పాను. అరుగు మీద కూర్చుని బీడీ కాలుస్తూ విన్నాడు.

“అయితె గా ఇంగ్లీషోళ్లు గూడ మొదట్ల మా లెక్క వడ్లపనోళ్లే అన్నట్టు.”

“అలాగే అనుకో.”

“తర్వాత డ్రాయింగు గీసుడు మొదలువెట్టి మర్శిపోయిన్రు.”

ఇది కూడా రాసిపెట్టుకున్నాను.

ఆ అమ్మాయి ఇప్పుడు ఒక ఫైట్ మాస్టర్ దగ్గర సహాయకురాలు. ఏ సెట్‌కు వెళ్లినా ముందు వెనక్కి వెళ్లి చూస్తుందని, అది చూడనిదే తన దగ్గరి డూప్ పిల్లలెవరినీ ఎక్కనివ్వదని, కళావిభాగం వాళ్లు విసుక్కుంటారని విన్నాను. మీరు ఆ విసుక్కునే వాళ్లలో ఉంటే, ఆ అమ్మాయికి ఆ హక్కు ఎక్కడ నుంచి వచ్చిందో ఇప్పుడు తెలిసింది కదా. పక్కకు తప్పుకుని చూడనివ్వండి. కాగితం కోసం ఆగకండి.

గీతలు గీసిన ఆ డ్రాయింగ్ నా దగ్గరే ఉంది. మొన్న దాన్ని ఫ్రేము కట్టించి ముందు గదిలో తగిలించాను. “పాడైన బొమ్మను ఎవరైనా గోడకు పెట్టుకుంటారా?” అంది మా ఆవిడ. ఆ ఆదివారం మేస్త్రీని కాఫీకి పిలిచాను. ఆయన కూడా ఇప్పుడు పని మానేశాడు. ఆ గీతలు చూసి ఏమైనా అంటాడని, కనీసం ఇన్నేళ్ల తరువాతైనా ‘మీ డ్రాయింగ్ పాడుచేసిన సార్’ అంటాడని ఆశపడ్డాను.

ఆయన ఫ్రేము ముందు నిలబడ్డాడు. గీతల వైపు చూసినట్టే లేదు. రెండు చేతులతో ఫ్రేము గోడ నుంచి తీసి, మంచం మీద పెట్టి, గోడకున్న మేకును బొటనవేలితో అటూ ఇటూ నొక్కి చూశాడు. అది కదల్లేదు.

“ఎవలు కొట్టిన్రు సార్?”

“నేనే.”

“ఊఁ” అన్నాడు. ఫ్రేము మళ్లీ తగిలించి, వంకర లేకుండా సరిచేశాడు. “మంచిగనే కొట్టిన్రు.”